ఊఁ కొట్టిన గొంతు

జడ్చర్ల
జులై 1994

హనీఫా ఆపాకు తమ్ముడు జాఫర్ సలాం.

నువ్వు చెప్పినట్టే తెలుగుల రాస్తున్న. మీ అత్తకు ఉర్దూ తప్ప చదవరాదు, తెలుగుల రాస్తే మన ముచ్చట మన దగ్గరనే ఉంటది అన్నవు. బడిల నాకు తెలుగుల ఎన్ని మార్కులొచ్చెనో నీకు ఎరుకే. తప్పులు ఏరుకుంట కూసోకు.

ఇంట్ల అందరు బాగున్నరు. అబ్బా తిట్లు మాత్రం తగ్గలే. పొద్దున లేస్తే అదే మాట, పోరగాళ్లను కూసోవెట్టి టీవీల ఆటలాడిచ్చేది గూడ ఒక బతుకుదెరువా అని. ఇది చాలదన్నట్టు ఇంకో మంట వచ్చివడ్డది. బస్టాండు ఎదురుంగ ఒకడు కొత్తగ టీవీ గేమ్ దుకాణం తెరిచిండు. మనదాని కంటె పెద్ద టీవీ, మెత్తటి కుర్చీలు. గొడ్డలి పట్టుకోని ఉరికే మన గొడ్డలోని ఆట గూడ తెచ్చి పెట్టిండు. అయినా పోయినోళ్లు పోయినట్టే తిరిగి మన దగ్గరికి వస్తున్నరు. ఆ ఆటల తెర మీద వచ్చే అక్షరాలు జపాన్‌వో చీనావో ఎవనికీ తెల్వకపాయె. తొవ్వ తెల్వనోడు గంట కిరాయి ఇచ్చి గంట సేపు ఆ బావి కాడనే సస్తడు. మన దగ్గరైతే టీవీ పక్కన టేప్‌రికార్డు ఉంటది. అందుల నేను తొవ్వ చెప్తుంట, నువ్వు ఊఁ కొడుతుంటవు, వాడు ఇనుకుంట ఆడుతడు. ఒక్కొక్కని వెనక నిలవడి చెప్పి చెప్పి నా గొంతు పోతే, ఒక్కసారి చెప్పి టేపుల పట్టరాదా అన్నది నువ్వే కద. నిన్న ఆ ఎదురు దుకాణపోడు మన టేపు కిరాయికి ఇస్తవా అని మనిషిని తోలిండు. సిగ్గుండాలె.

రైలు డబ్బాల మీద ఉరికే కొత్త ఆట ఒకటి వచ్చింది. దానికి టేపు చేద్దామని కూసున్న. నువ్వు వైరు ఊడిన రిమోట్ పట్టుకోని కూసునే స్టూలు ఖాళీగ ఉంది. ఒక్కన్నే గోడకు చెప్పుకున్నట్టు చెప్తుంటే నాకే పిచ్చి లేసినట్టయింది. బందువెట్టిన.

ఇప్పుడు అసలు ముచ్చట. మొన్న కర్నూలు దిక్కు పోయే ఒక కారు మన దుకాణం ముంగట పంచరైంది. అందుల ఆయన చాయ తాగుకుంట లోపలికి తొంగి చూసిండు. మన టేపు నడుస్తాంది, పోరగాళ్లు ఒక్కడు నోరు మెదుపుతలేడు. ఆయనకు కోఠి కాడ టేపుల కంపెనీ ఉందట. శేట్ అంటరు. పాటలు, నవ్వులాట ముచ్చట్లు, పెండ్లి బ్యాండు, అన్నీ తీస్తడట. గిసొంటిది నేను యాడ చూడలే అని ఒక కాపీ తీస్కపోయిండు. జిల్లా జిల్లాకు పంపిస్తడట. కొత్త గేమ్ వచ్చినప్పుడల్ల ఒక టేపు చెయ్యాలె, ఇగ నీ పని గిదే అన్నడు. ఆపా, ఆటకు తొవ్వ చెప్పేది గూడ ఒక పని అయితదంటే అబ్బా నమ్ముతడా?

నీ తమ్ముడు
జాఫర్


ఆలేరు
ఆగస్టు 1994

జాఫర్‌కు దువా.

నీ ఉత్తరం వంటింట్ల నిలవడి చదివి నవ్వుకున్న. ఏందని మా అత్త అడిగితే తమ్ముని దుకాణం పెద్దగయితాందట అన్న. మీ బావకైతే మొత్తం చదివి ఇనిపిచ్చిన. ఆయనకు నోట్ల నువ్వుగింజ నానుతదా. గోనె సంచుల కోసం వచ్చిన ప్రతి రైతుకు చెప్తున్నడట, మా ఇంటామె గొంతు టేపుల వస్తాంది అని. నాకు షరమైంది. మంచిగ గూడ అనిపించింది, అబద్ధం ఎందుకు.

టేపు అట్ట మీద నా పేరు ఏస్తరా? హనీఫా అని ఒక్క ముక్క చాలు. ఇంటిపేరు ఏస్తే అబ్బా గోల చేస్తడు. ఏయకున్నా పరవాలేదు అని రాద్దామనుకున్న గని రాయబుద్ధయితలేదు. ఏయిమని అడుగు.

శేట్‌తోని ఒక్క మాట గట్టిగ చెప్పు. టేపును ఉన్నది ఉన్నట్టు తియ్యాలె. హైదరాబాద్‌ల వాళ్లకు మన మాట ఇంటే నవ్వొస్తది. గీ గా అనొద్దు, రేడియోల లెక్క మాట్లాడు అంటరు. నువ్వేమో ఎదుటోడు కుర్చీ ఏసి కూసోవెడితే చాలు, వాడు ఏదంటే దానికి తల ఊపుతవు. ఆ తల జర గట్టిగ పట్టుకో.

ఇక్కడ స్టేషన్ సడక్ మీద ఒక గేమ్ దుకాణం ఉంది. సందు మలుపుల నడుస్తుంటే ఇనవడుతది. గొడ్డలోడు బావి కాడ సచ్చినప్పుడు వచ్చే ఏడుపు చప్పుడు ఇని, ఒరేయ్ కుడికి పోయినవా, ఎడమకు పోవాల్నుండె గద అని మనసుల అనుకుంట. బురఖాల ఉన్నోళ్లు నవ్వుతున్నరని ఎవలకు తెలుస్తది.

అమ్మీ మోకాళ్లకు నువ్వుల నూనె కాగవెట్టి రుద్దు. నువ్వు రుద్దవు, ఎరుకే. అమ్మీకే చెప్పు.

మీ ఆపా
హనీఫా


జడ్చర్ల
అక్టోబర్ 1994

ఆపాకు సలాం.

జర పనిల పడి జవాబు రాయలే. టేపు బయటికొచ్చింది. అట్ట మీద నా ఫొటో ఏసిండ్రు. ఫొటో తీసే ముందల వాళ్ల దగ్గర ఉన్న టై తెచ్చి నాకు కట్టిండ్రు. గేమ్ మాస్టర్ జాఫర్ అని ఎర్రక్షరాలు. అబ్బా ఆ అట్టను చాన సేపు చేతుల పట్టుకోని తిప్పి తిప్పి చూసిండు. తిట్టలే. అబ్బా తిట్టకపోతే మెచ్చుకున్నట్టే లెక్క.

నీ పేరు అడిగిన. అట్ట చిన్నదట, పట్టలేదట. మల్లొక్కసారి తీసినప్పుడు చూద్దాం అన్నరు.

మహబూబ్‌నగర్ల, షాద్‌నగర్ల దుకాణాలల్ల నా ఫొటో ఏలాడుతాంది. బస్సుల కండక్టర్ గుర్తుపట్టిండు. నువ్వు మాత్రం బజారుల కొనకు ఆపా. పైసలెందుకు దండుగ. నేను వచ్చేటప్పుడు ఒకటి తెస్త. తొందర లేదు కద.

ఇక్కడ వానలు మంచిగ వడ్డయి. బావకు సలాం చెప్పు.

జాఫర్


ఆలేరు
నవంబర్ 1994

జాఫర్‌కు.

దువా ఆఖరికి రాస్త. ముందుగాల కోపం రాయనియ్యి.

మీ బావ భువనగిరి పోయి వచ్చుకుంట స్టేషన్ కాడి దుకాణంల నీ ఫొటో చూసి టేపు కొనుక్కొచ్చిండు. నాకు కాళ్లు నేల మీద ఆగలే. పక్కింటి ఇక్బాల్ బీని, ఆమె కోడండ్లను పిలిచిన. మా అత్తను మంచం మీద కూసోవెట్టిన. చాయ వెట్టిన. ఇప్పుడు నా గొంతొస్తది ఇనుండ్రి అని నేనే నా నోటితోని చెప్పి టేపు ఏసిన.

నీ గొంతొచ్చింది. తలుపు తియ్యి, ఎడమకు పో, బావిల దుంకు, తాళం అందుకో, నిచ్చెన ఎక్కు, గబ్బిలం వస్తది వంగు. గూడ్సు బండి పోయినట్టు పోతనే ఉంది. నేను యాడున్న? ఇప్పుడొస్తది, ఇప్పుడొస్తది అనుకుంట కూసున్న. టేపును రెండో దిక్కుకు తిప్పి ఏసిన. అక్కడ గూడ లేను. ఇక్బాల్ బీ గ్లాసు కిందవెట్టి, మీ తమ్ముడు మంచిగ మాట్లాడిండు బిడ్డ అని లేసిపోయింది. మా అత్త ఏదన్న ఎత్తిపొడుపు మాట అన్నా బాగుండు, నేను గూడ ఒకటి అనేదాన్ని. నా దిక్కు జాలిగ చూసింది. అది నాకు పడలే.

కొనకు అని ఎందుకు రాసినవో అప్పుడు తెలిసింది. పైసలు దండుగ అన్నవు. నీకు ముందే ఎరుక. నన్ను కోసి పారేసిండ్రని ఎరుక ఉండి, వానలు మంచిగ వడ్డయి అని రాసినవు.

ఇంకా అయిపోలే, ఇను. మీ బావకు నా మొఖం చూసి రోషం వచ్చింది. టేప్‌రికార్డు చంకలవెట్టుకోని స్టేషన్ సడక్ మీది గేమ్ దుకాణానికి పోయిండు. గడ్డమున్న మనిషి, గోనె సంచుల ముల్లె లెక్క పోరగాళ్ల నడుమ కూసున్నడట. నీ టేపు ఏసుకోని గొడ్డలోని ఆట ఆడిండు. బావి కాడ సచ్చిండు. మల్ల ఆడిండు, మల్ల సచ్చిండు. నిచ్చెన మీద ఒక్క కాలు పెట్టంగనే నువ్వు గబ్బిలం కాడికి పోయినవట. చాచా, ఆ టేపు పనికిరాదు, మేమందరం పారేసినం అన్నరట పోరగాళ్లు.

ఎందుకు సచ్చిండో చెప్పనా? నువ్వు నిచ్చెన ఎక్కు అన్నంక ఆడేటోని చెయ్యి ఖాళీ ఉండదు. నేను ఆ వైరు ఊడిన రిమోట్ మీద వాని లెక్కనే ఒత్తుకుంట కూసుందును. అందరికంటె నిమ్మలంగ ఆడేటోడు ఎట్ల ఎక్కుతడో అట్ల ఒత్తుదును. నా బొటనవేలు ఆగినంకనే ఊఁ అందును. నా ఊఁ ఇనవడ్డంకనే నువ్వు ముంగటి మాట చెప్తుంటివి. నువ్వు ఆటను చూస్తుంటివి. నేను ఆడేటోన్ని చూస్తుంటి. చిన్నప్పుడు అమ్మీ వాళ్లమ్మ, మన నానీ గులాబ్‌బీ, పల్లికాయ ఒలుసుకుంట కథ చెప్పేటప్పుడు ఊఁ అనకపోతే ఆపేసేది, యాదికుందా? ఇనేటోడు యాడిదాక వచ్చిండో తెల్వకుంట ముంగటికి పోతే అది చెప్పుడు కాదు, వాగుడు.

వాళ్లు కోసింది నా గొంతు ఒక్కటే కాదు. ఆడేటోని జాగా గూడ కోసిండ్రు. శేట్‌కు తెల్వదు, సరే. నీకు తెల్వదా?

దువా.
హనీఫా


జడ్చర్ల
నవంబర్ 1994

ఆపాకు సలాం.

నీ ఉత్తరం చదివి నాకు గూడ మస్తు కోపమొచ్చింది. అందరు నన్నే అంటరు. ఆ గదిల ఏమైందో నీకేం ఎరుక?

అద్దాల గదిల కూసోవెట్టిండ్రు. చెవులకు తొడిగేది తొడిగిండ్రు. మన టేపు ఏసి ఇన్నరు. నడుమల నడుమల మూల్గేది ఎవరు అని నవ్విండ్రు. మా అక్క అన్న. ఇంట్ల ముచ్చట ఇంట్లనే ఉండాలె తమ్మీ, ఊఁ ఊఁ అనుకుంట కూసుంటే సగం టేపు ఉత్తగనే పోతాంది, అది తీసేస్తే రెండు ఆటలు పడుతయి అన్నడు శేట్. నేను ఏమనాలె? లే, మా అక్క మూల్గకుంటే నేను చెయ్య అని లేసి రావాల్నా? ఆ శేట్ మల్ల మన తొవ్వల పంచర్ అయితడా? రాక రాక ఒక్కసారి వచ్చింది ఆపా. అబ్బా ముంగట తలెత్తుకోని నిలవడొచ్చు అనుకున్న.

నిజం చెప్పనా, నువ్వు ఇంత ఎందుకు ఎగురుతున్నవో నాకు అర్థం కాలే. ఆ ఆటను కళ్లు మండంగ ఆడి ఆడి తొవ్వ కనుక్కున్నది నేను. కరెంటు పోతే మల్ల మొదటి సంది ఆడినోన్ని నేను. తాళం యాడుందో, గబ్బిలం ఎప్పుడొస్తదో చెప్పింది నేను. నువ్వు ఊఁ అన్నవు. ఊఁ అనుడు గూడ ఒక పనేనా?

ఇక్కడ నా గతి చూడు. దుకాణాల నుంచి టేపులు వాపసు వస్తున్నయి. శేట్ ఫోన్ చేసి నన్నే తిడుతుండు, నీ తొవ్వే తప్పు అంటుండు. నా తొవ్వల ఒక్క అడుగు తప్పు లేదు. మొన్న కేతేపల్లి నుంచి ఎల్లస్వామి అనేటాయన వచ్చిండు. అక్కడ గేమ్ దుకాణం నడిపిస్తడట. బస్సు దిగి సీదా నా దగ్గరికొచ్చి టేపులన్నీ బల్ల మీద గుమ్మరిచ్చిండు. మా ఊరి పోరగాళ్లు నా పీకల మీద కూసున్నరు, దీనికి టై కట్టుకోని ఫొటో ఒకటా అన్నడు. ఎదురు దుకాణపోడు నవ్వుకుంట చూసిండు. ఆ ఫొటోల ఉన్నది నేనే కాబట్టి తిట్లు గూడ నాయే. నీ పేరు లేనిదే మంచిదైంది అనుకో.

జాఫర్


ఆలేరు
డిసెంబర్ 1994

గేమ్ మాస్టర్ జాఫర్ గారికి.

మీ ఉత్తరం అందింది. ఊఁ అనుడు పని కాదని రాసిండ్రు. సంతోషం. పని కాని దాని గురించి ఇగ మీరు నాకు రాయకుండ్రి, నేను మీకు రాయ.

అమ్మీకి నేను పంపిన శాలువా అందిందో లేదో అమ్మీతోని రాయించుండ్రి.

ఊఁ అనేటోళ్లు లేకుండనే మీరు బాగ మాట్లాడుతరని ఆ టేపు ఇన్నోళ్లందరికి ఎరుకే.

హనీఫా


జడ్చర్ల
ఫిబ్రవరి 1995

ఆపాకు జాఫర్ వెయ్యి సలాములు.

నాకు మీరు అని రాసినవు. ఆ ఉత్తరం అమ్మీకి చూపిచ్చలే. నువ్వు తిట్టినా నాకు ఇంత కాలలే. జవాబు రాయొద్దు అన్నవని ఇన్ని దినాలు ఆగిన, ఇగ ఆగుడు నాతోని కాలే.

శేట్ ఏం చేసిండో ఇను. ఊఁ లేదనే టేపు నడుస్తలేదని ఎవలో చెప్పిండ్రట. సరే, ఊఁ పెడదాం అన్నడు. నిన్ను పిలుస్తడేమో అనుకున్న. రేడియోల ప్రకటనలు చదివే ఒక పిల్లను తెచ్చిండు. ఆ పిల్లతోని ఒక్క ఊఁ అనిపిచ్చిండు. ఒక్కటే ఆపా. దాన్నే టేపు పొడుగున కోసి కోసి అతికిచ్చిండు, గడియారం కొట్టినట్టు, లెక్క తప్పకుంట. గొడ్డలోడు గాలిల ఉంటడు, ఊఁ అంటది. తాళం ఇంకా చేతికి రాదు, ఊఁ అంటది. ఏం అడ్డం లేని చోట గూడ ఉత్తగనే ఊఁ అంటది. నేను ఇనుకుంట కూసున్న. నా ఒళ్లు మండిపోయింది. ఇదేం పని శేట్ అంటే, ఊఁ అంటే ఊఁయే కద తమ్మీ, ఎవలదైతే ఏంది అన్నడు. అచ్చం నేను నీకు రాసిన మాట లెక్కనే అనిపించింది. నా మొఖం నాకే చూసుకోబుద్ధి కాలే.

వచ్చినంక ఒక పని చేసిన. కేతేపల్లి ఎల్లస్వామి మల్ల వచ్చిండు, ఇప్పుడు దోస్తు అయిండు. ఆయనకు గొడ్డలోని తొవ్వ ఎరుకే. నువ్వు చెప్పు, నేను ఊఁ అంట అన్న. నీ స్టూలు మీద కూసోని వైరు ఊడిన రిమోట్ చేతుల పట్టుకున్న. నాతోని కాలే. టీవీ దిక్కు చూస్తే వేలు మర్చిపోతున్న. వేలు చూస్తే ఆయన మాట ఇనవడుతలేదు. నాకు తొవ్వ ఎరుకే కాబట్టి తొందరవడి ముందే ఊఁ అంటున్న. ఎల్లస్వామి చెప్పుడు ఆపి, నువ్వు ఇంటున్నవా లేక నీకొచ్చిన పాఠం నువ్వే అప్పజెప్పుకుంటున్నవా అన్నడు. రాదు అని ఒప్పుకోవాల్సి వచ్చింది. ఏ తొవ్వ తెల్వనోని లెక్క కూసునుడు ఎంత కష్టమో నాకు ఆ దినం తెలిసింది. నేను తప్పు రాసిన ఆపా. నన్ను మాఫ్ చెయ్యి.

ఇప్పుడు శేట్ నిన్ను అడుగుతున్నడు. రైలు డబ్బాల ఆటకు టేపు చెయ్యాలెనట, మీ అక్కను తోలుకరా, బండి కిరాయి ఇస్త అన్నడు. ఒక్క షరతు పెట్టిండు. భాష మార్చాలెనట. కాగితం మీద రాసిచ్చిండు, ఎడమ వైపునకు వెళ్ళుము, ఎగురుము అని. అట్ల చెప్పేలోపల రైలు సొరంగంల పోతది శేట్ అన్న. నవ్విండు. ఇంకో సంగతి, ఆ సొరంగం నాకు గూడ దాటరాలే. ఎన్నిసార్లు ఆడినా అక్కడనే పడిపోతున్న. అది దాటే తొవ్వ ఈ జిల్లాల ఎవనికీ తెల్వదు.

నువ్వు వస్తనంటే ఆ కాగితం సంగతి నేను చూసుకుంట. రాకుంటే ఈ పని ఇంతటితోని బందు. శేట్ నా ఒక్కనితోని చెయ్య అన్నడు. దుకాణంల కూసోని కిరాయి వసూలు చేసుకుంట బతుకుత, అబ్బా తిట్లు తినుకుంట. నీ మీద భారం ఏస్తలేను. ఉన్న సంగతి రాసిన.

నీ తమ్ముడు
జాఫర్


ఆలేరు
మార్చి 1995

జాఫర్‌కు దువా.

చూడు, దువాతోనే మొదలువెట్టిన. దానర్థం నా కోపం తగ్గిందని కాదు.

ఆ శేట్‌కు నువ్వు చెప్పాల్సిన మాట నేను రాస్తున్న, పోయి వాని బల్ల ముంగట నిలవడి చదువు. మా అక్కది మూల్గుడు కాదు. ఊఁ అంటే ఊఁయే అన్నవు కద, ఆ ఒక్క ఊఁను నీ ఇంట్ల అతికిచ్చుకో. నీ పెండ్లాం కష్టం చెప్పుకుంటుంటే దాన్నే ఏసి ఇనిపియ్యి, ఇంటున్నవని నమ్ముతదో లేదో చూడు. ఎగురుము, వెళ్ళుము అనేటోళ్లు ఏ ఊర్ల ఉంటరు? వాళ్లు గేమ్ ఆడంగ ఎవలన్న చూసిండ్రా? మా మాట మంచిగ లేదంటవు, మా పోరగాళ్ల పైసలు మాత్రం మంచిగున్నయి. నేను నీ అద్దాల గదికి రాను. బండి కిరాయి నీ దగ్గరనే పెట్టుకో.

ఇది శేట్‌కు. ఇప్పుడు నీకు.

నువ్వు మాఫ్ అడిగినవు. మంచిదే. గని నువ్వు అడిగింది శేట్‌కు నా అవసరం పడ్డంక. టేపులు అమ్ముడువోయి ఉంటే అడుగుదువా? నేను దీని మీద చాన ఆలోచన చేసిన. అడగకపోదువు. ఆ టై కట్టుకోని ఇంకో ఫొటో దిగుదువు. ఇది నీ మొఖం మీద అనకుంట మాఫ్ చేస్తే నాకు లోపల లోపల కాలుతనే ఉంటది, అందుకే రాస్తున్న.

నేను ఇన్ని దినాలు ఏడ్చుకుంట కూసున్ననని అనుకోకు. మీ బావ ఆ దినం పోరగాళ్ల నడుమ ఓడిపోయి వచ్చినంక, స్టేషన్ సడక్ దుకాణపాయన దగ్గర పాత టీవీ గేమ్ డబ్బా ఒకటి కిరాయికి తెచ్చి ఇంట్ల పెట్టిండు. నువ్వే ఆడు, నేను చూస్త అన్నడు. వైరు ఉన్న రిమోట్ నేను చేతుల పట్టుకున్నది అదే మొదలు. మా అత్త మొదట్ల మొఖం తిప్పుకునేది. ఒకనాడు బియ్యంల రాళ్లు ఏరుకుంట, అది యాడికి పోతాంది అని అడిగింది. చెప్పిన. తర్వాత ఏమైంది అన్నది. చెప్పిన. ఇప్పుడు రోజు పగటిపూట నేను ఆడుకుంట చెప్తుంట, ఆమె చాటల చెయ్యి ఆపకుంట ఊఁ కొడుతుంటది. నేను ఆపితే కోపం చేస్తది. ఆమె ఊఁ కథకు పనికొస్తది గని టేపుకు పనికిరాదు. ఆడేటోని వేలు ఆమెకు తెల్వదు. వేలు తెలిసినోడు కావాలె.

రైలు డబ్బాల ఆట నేను ఆఖరుదాక పోయిన. సొరంగం దాటిన. ఎట్ల దాటిన్నో ఈ ఉత్తరంల రాయ. ఎంత బతిమిలాడినా రాయ.

నా మాట ఇది. శేట్‌ను ఇడిచిపెట్టు. వాడు లేకుంటే జిల్లాలు జిల్లాలు పోదు, నీ ఫొటో యాడ ఏలాడదు, ఎరుకే. మన టేపు మన దుకాణంల ఉంటది, ఎల్లస్వామి దుకాణంల ఉంటది, ఇక్కడి స్టేషన్ సడక్ దుకాణంల ఉంటది. ఆడినోడు గెలుస్తడు. ఆ పని నీకు చిన్నదనిపిస్తే రాకు, నేను ఏమనుకోను. మీ బావకు నేర్పుకుంట.

చిన్నది కాదనిపిస్తే ఆలేరుకు రా. ఈసారి చెప్పేది నేను. టేపు మొదట్ల ఈ ఆటకు తొవ్వ చెప్తున్నది హనీఫా అని నేనే అంట, ఎవల అట్ట మీద జాగా అడగ. నువ్వు స్టూలు మీద కూసోని, తొవ్వ తెల్వనోని లెక్క వేలు ఒత్తుకుంట ఇనాలె. ఆగాల్సిన కాడ ఆగాలె. రాదు అని రాసినవు కద, వచ్చేదాక కూసోవెడ్త. నీకు సొరంగం తొవ్వ నిజంగనే తెల్వదు కాబట్టి ఈసారి వస్తదేమో.

అబ్బా ఏమంటడో అనుకోకు. ఆటలాడిచ్చి బతికేటోడు అని తిట్టిండు కద, ఊఁ కొట్టి బతికేటోడు అని ఇంకో తిట్టు జమ చేస్కో.

మీ ఆపా
హనీఫా


జడ్చర్ల
మార్చి 1995

ఆపాకు సలాం.

నీ ఉత్తరంల శేట్‌కు రాసిన ముక్క పోయి చదివి ఇనిపిచ్చిన. మొత్తం చదవనియ్యలే, సగంలనే బయటికి పొమ్మన్నడు. ఆదివారం సికింద్రాబాద్‌ల రైలెక్కి వస్తున్న. టేప్‌రికార్డు తెస్తున్న.

ఊఁ. చెప్పు ఆపా.

జాఫర్